కేపామే మునక

నెలలో మొదటి ఆదివారం దగ్గరపడుతోందంటే కేపామేకు శుక్రవారం నుంచే ఏ పనిలోనూ మనసు నిలిచేది కాదు. మిగతా ఆదివారాలతో ఆమెకు పేచీ లేదు. గంటకు బదులు సరుగుడు చెట్టుకు వేలాడదీసిన పాత ట్రక్కు చక్రాన్ని ఇనప కడ్డీతో మూడోసారి మోగించే లోపలే ఆమె మందిరం ఊడ్చేసేది, నేల మీద కొత్త గడ్డి పరిచేది, దడి గోడల్లో దోపడానికి ఎర్రాకులు కోసుకొచ్చేది. పాట అందుకుంటే ఆడవాళ్ళ వైపు మొదట లేచేది ఆమె గొంతే. బుధవారం స్త్రీల ప్రార్థనకైనా, శుక్రవారం పాస్టరు తోటలో కలుపు తీయడానికైనా, చావింటికి చిలగడదుంపలు మోసుకెళ్ళడానికైనా తాంబిలామ్ ఊరి బాప్టిస్టు సంఘంలో ముందు నడిచేది ఆమే.

కానీ మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. వాక్యం అయిపోయాక పాస్టరు తిమోతి బల్ల మీది తెల్లగుడ్డ అంచు పట్టుకునేవాడు. గుడ్డ తీసే లోపల బాప్తిస్మం లేనివాళ్ళు లేచి బయటికి పోవాలి. పిల్లలు లేచేవాళ్ళు. రెండో పెళ్ళాన్ని తెచ్చుకుని సంఘం శిక్షలో ఉన్న మగవాళ్ళు తలలు దించుకుని లేచేవాళ్ళు. వాళ్ళ వెనకాల నలభై ఏళ్ళ కేపామే, ముగ్గురు పిల్లల తల్లి, తను పరిచిన గడ్డి మీదనుంచే నడుచుకుంటూ బయటికి పోయేది. లోపల రొట్టెకూ ద్రాక్షరసానికీ బదులు ఉడికించిన దుంప ముక్కలూ, చిన్న గ్లాసుల్లో ఎర్ర షరబత్తూ చేతులు మారుతుంటే ఆమె చూరు కింద నిలబడి పంచేవాళ్ళ అడుగుల చప్పుడు వినేది.

ఆమెకు నమ్మకం లేక కాదు. నీళ్ళంటే భయం.

ఏడేళ్ళప్పుడు తల్లితో కలిసి లానిం ఏరు దాటుతోంది. ఎండ కాస్తోంది. ఎగువన కొండల్లో కురిసిన వాన సంగతి వాళ్ళకు తెలియదు. తల్లి తలకు తగిలించుకున్న వలసంచిలో వీపు నిండా దుంపలున్నాయి, ఆ సంచి పట్టుకుని కేపామే వెనకే నడుస్తోంది. ఎర్రమట్టి నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. పిల్లను ఎవరో జుట్టు పట్టి రాతి మీదికి లాగారు. తల్లి రెండు రోజుల తరవాత దిగువ మలుపులో దొరికింది. సంచి పట్టీ మెడకే ఉంది, దుంపలు సంచిలోనే ఉన్నాయి. అప్పటినుంచి కేపామే ఏటికి వెళ్ళలేదు. ఊట దగ్గర డొప్పతో పట్టుకుని స్నానం చేసేది. చెవులు నీళ్ళలో మునుగుతాయన్న తలంపుకే ఆమెకు ఊపిరాడేది కాదు.

బాప్టిస్టుల దగ్గర చిలకరింపులు లేవు. మనిషి నిండా మునగాలి, పాతిపెట్టినట్టు పోయి లేపినట్టు రావాలి. కేపామే పేరు మూడుసార్లు రాశారు. మొదటిసారి గట్టు దాకా వచ్చి, తెల్లబట్టలతోనే ఇంటికి పరుగెత్తింది. రెండోసారి జ్వరం అంది. నిజంగానే జ్వరం వచ్చింది. మూడోసారి మోకాలి లోతు దిగింది. పాస్టరు చెయ్యి పట్టుకోగానే కెవ్వుమని అరిచి అతని భుజాల మీదికి ఎక్కేసింది. తిమోతి కాలు జారి వెల్లకిలా పడ్డాడు.

"పాస్టరుకు రెండో బాప్తిస్మం ఇచ్చింది మన కేపామే," అని స్త్రీల సమాజం పెద్ద నెంబానే నెలల తరబడి చెప్పుకు నవ్వింది. నెంబానే నోరు పదునైన కత్తి. "ఏమే, నీళ్ళు నిన్ను కొరుకుతాయా? పందులు కూడా దిగుతాయే ఏట్లోకి."

"పందులకి ఈత వచ్చు వదినా," అనేది కేపామే.

అందరితో పాటు నవ్వేది. కానీ భర్త ప్యాంబో నవ్వేవాడు కాదు. మంచి మనిషి, మాట తక్కువ. అతన్ని బల్ల పంచే డీకనుగా పెట్టాలని సంఘం రెండుసార్లు అనుకుంది. పెళ్ళాం బల్ల దగ్గరికి రానివాడు బల్ల ఎలా పంచుతాడన్న మాట వచ్చి రెండుసార్లూ ఆగిపోయింది. దాని గురించి అతను ఇంట్లో ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి తిడితే బాగుండునని కేపామేకు అనిపించేది.

ఈ విషయంలో ఆమెను ఏమీ అననిది ఒక్క వాకోలి. ఆమె ముసలిది, విధవ, కూతురు పట్నంలో ఉంటే తను ఒంటరిగా ఊరి చివర ఉండేది. తెల్ల మిషనరీలు ఇచ్చిన తొలి బాప్తిస్మాల్లో మునిగిన పిల్లల్లో ఒకతె. బల్ల అయిపోగానే బయటికి వచ్చి, కేపామే పక్కన చతికిలబడి, ఒడిలోని వేరుశనక్కాయలు సగం తీసి పెట్టేది. "తిను," అనేది అంతే. ఇద్దరూ తొక్కలు ఒలుచుకుంటూ కూర్చునేవాళ్ళు.

లోయలోకి మొబైల్ టవర్ వచ్చిన ఏడాది, కాఫీ పండ్లు కోసే రోజుల్లో, రూబెన్ చచ్చిపోయాడు. ముప్పై ఏళ్ళవాడు, ట్రక్కు నడిపేవాడు, మందిరంలో గిటారు వాయించేవాడు. మంగళవారం మధ్యాహ్నం కాఫీ బస్తా భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి, బస్తా దించకుండానే కూలిపోయాడు. గుండె ఆగిపోయిందన్నాడు వైద్యశాల మనిషి. ఊళ్ళో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎద్దులాంటివాడి గుండె దానంతటది ఎందుకు ఆగుతుంది? ఎవరో చేతబడితో అతని గుండె తిన్నారు. ఏడుపు పందిట్లో శోకానికి గుర్తుగా ఒళ్ళంతా బంకమన్ను పూసుకుని కూర్చున్న ఆడవాళ్ళు మూడో రోజుకల్లా గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ ముందు వారం వాకోలి రూబెన్ ఇంటి ముందు కూర్చుని అరటిపండు అడిగిందట. ఇవ్వలేదట. అది చాలింది.

కేపామే ఆ గుసగుసల మధ్యే కూర్చుంది.  ఆ మంగళవారం వాకోలి పొద్దున్నించీ కేపామే వేరుశనగ తోటలోనే ఉంది. ఇద్దరూ కలిసి కలుపు తీశారు, ఒకే మంట మీద దుంపలు కాల్చుకుని తిన్నారు. రూబెన్ పోయాడన్న కేక కొండ మీదనుంచి వినపడినప్పుడు ముసలామె చేతిలో దుంప సగం కొరికి ఉంది.

ఆ మాటే మెల్లగా అంది కేపామే. "ఆ రోజు మా తోటలో ఉంది కదా."

రూబెన్ మేనత్త ఒకామె ఆమె వైపు తిరిగింది. మన్ను పూసిన మొహంలో కళ్ళు మాత్రమే ఎర్రగా ఉన్నాయి. "ఒళ్ళు నీ తోటలో ఉంది. ఎలుకై వచ్చింది దాని ఆత్మ. ఆ సంగతి నీకెలా తెలుస్తుంది? లేకపోతే నీకూ నేర్పుతోందా?"

కేపామే తల దించుకుంది.  అలా మంత్రగత్తె అని పేరుపడ్డ ఒకరి పక్కన చేరినందుకే అవతలి లోయలో ఇంకొకామె పేరు కలిపిన సంగతి, ఆ ఇద్దరికీ ఏం జరిగిందన్న సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఇంటికి వస్తుంటే మరో మాట మెదిలి ఆమెను ఇంకా భయపెట్టింది. నిజమేనేమో? ఆమె చిన్నప్పటినుంచి విన్నదే కదా. తన చిన్నకూతురికి పోయినేడు జ్వరం వచ్చింది వాకోలి ఇచ్చిన చెరుకు తిన్నాకే. తగ్గిపోయింది, అయినా వచ్చింది కదా.

ఆ ఆదివారం వాకోలి ఎప్పటిలాగే మందిరానికి వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోట, మూడో వరసలో కూర్చుంది. ఆమె పక్కనున్న ఇద్దరూ లేచి వెనక్కి జరిగారు. ముందున్నవాళ్ళు ముందుకు జరిగారు. పాట అయ్యేసరికి ముసలామె చుట్టూ ఉత్త గడ్డి మిగిలింది. కేపామే అదంతా చూస్తూనే ఉంది. వాకోలి తల తిప్పి ఆమె కోసం వెతికింది. కేపామే చిన్నకూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, నేల చూపులు చూస్తూ, వెనక గోడ దాకా జరిగిపోయింది.

బుధవారం స్త్రీల ప్రార్థన జరుగుతుండగా రూబెన్ అన్న కోసాప్ వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. మోచేతి పొడవు కత్తి చంకలో పెట్టుకుని ఉన్నాడు. అతనూ సంఘ సభ్యుడే, ఒకప్పుడు సండే స్కూలు చెప్పినవాడు. గొంతు పెంచకుండా మాట్లాడాడు.

"అమ్మలారా, సంఘం పుస్తకంలో పేరున్న మనిషి మీద మా వంశం చెయ్యి వెయ్యదు. మా నాన్నలు మిషన్‌కి ఇచ్చిన మాట అది. అందుకే అడుగుతున్నా. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం సంఘ కూటం పెట్టండి. ఆ ముసలిదాని పేరు కొట్టెయ్యండి. తర్వాత సంగతి మాది."

"తర్వాత సంగతి ఏంటి నాయనా?" అంది నెంబానే. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"అది నీకు తెలుసు పెద్దమ్మా," అని కోసాప్ వెళ్ళిపోయాడు.

  ఎవరో ఒకామె పాట అందుకుని మధ్యలో వదిలేసింది.

మర్నాటినుంచి పగలంతా ముగ్గురు నలుగురు కుర్రవాళ్ళు వాకోలి ఇంటి ఎదుటి గట్టు మీద కూర్చునేవాళ్ళు. ఏమీ చేయరు. తమలపాకులూ వక్కలూ నములుతూ ఆ ఇంటి తలుపు వంక చూస్తారు. వాకోలి తోటకు పోవడం మానేసింది. ఆ దారిన పోవాల్సి వస్తే కేపామే చుట్టూ తిరిగి పోయేది. ఒకసారి మాత్రం, కట్టెలు మోసుకొస్తూ, దడి సందులోంచి ముసలామెను చూసింది. పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యిలో నిప్పు లేదు.

 సంఘ కూటం అంటే ఎలా ఉంటుందో కేపామేకు తెలుసు. అరవై చిల్లర సభ్యులు. బిషప్పులు లేరు, పైనుంచి తీర్పులు రావు. పాస్టరైనా అందరిలాగే ఒక చెయ్యి. ఎన్ని చేతులు లేస్తే అంత. సభ్యుల్ని తీసెయ్యాలంటే లేచిన చేతుల్లో మూడింట రెండొంతులు అటే ఉండాలి. కోసాప్ వంశంవాళ్ళే పాతికమంది. మిగిలిన వాళ్ళలో వాళ్ళకు ఎదురుగా ధైర్యంగా చెయ్యెత్తేది ఎవరు? బాప్తిస్మం లేదు కాబట్టి ఆ సభ్యుల్లో తను లేదు. తను చూరు కింద నిలబడి లెక్క వినే మనిషి. ఎందుకో ఆ తలంపు మొదట ఆమెకు హాయినిచ్చింది. తనకు చెయ్యే లేదు, తన తప్పూ లేదు. ఆ హాయి ఒక పూట కూడా నిలవలేదు.

సోమవారం పొద్దున ఆమె పాస్టరు తోటకు వెళ్ళింది. తిమోతి దుంపల బోదెలు ఎగదోస్తున్నాడు.

"పాస్టర్ గారూ, శనివారం బాప్తిస్మాల్లో నా పేరు రాయండి."

తిమోతి పార ఆపాడు. "నాలుగోసారా అక్కా? నా నడుం ఇంకా నొప్పెడుతూనే ఉంది."

కేపామే నవ్వలేదు. అతనూ నవ్వు మానేశాడు.

"ఇప్పుడెందుకు?"

"ఆదివారం చెయ్యెత్తాలి."

పాస్టరు తల అడ్డంగా ఊపాడు. "ఓటు కోసం బాప్తిస్మం ఇవ్వలేనక్కా. దేవుడితో ఆటలాడినట్టవుతుంది."

"ప్రభువుని నమ్ముతున్నావా అని అడగండి. ఇరవై రెండేళ్ళుగా నమ్ముతున్నా. నీళ్ళనే నమ్మలేదు."

తిమోతి బోదె మీద కూలబడ్డాడు. చేతులకున్న మట్టి దులుపుకున్నాడు. అతనికి ముప్పై ఐదేళ్ళుంటాయి, ఈ వారంలో పదేళ్ళు పైబడ్డట్టున్నాడు. "నిన్న కోసాప్ మనిషొకడు వచ్చాడు. మీ ఇంటి కప్పు గడ్డి బాగా ఎండిందే పాస్టరూ, అని మెచ్చుకుని పోయాడు. పిల్లల్ని మా అత్తగారింటికి పంపేశాను." గొంతు తగ్గించి, "వాకోలి ఏం చెయ్యలేదని నీకు నమ్మకమా?" అని అడిగాడు.

అబద్ధం చెబితే తేలికయ్యేది. కేపామే చెప్పలేకపోయింది. "తెలీదు. ఒక్కోసారి నాకూ ఆవిడంటే భయమేస్తోంది. ఆ మంగళవారం మా తోటలో ఉంది, అంతే తెలుసు. అయినా, తిన్నదే అనుకుందాం. మనిషిని చంపెయ్యొచ్చని మీరు ఏ ఆదివారం చెప్పారు?"

 తిమోతి పార పట్టుకుని లేచాడు. "శనివారం ఎండ ఎక్కాక రా. తలకి తువ్వాలు కట్టుకో," అన్నాడు.

ప్యాంబోకు చెబితే అతను చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయాడు. "మునుగు. దానికి నేనెప్పుడూ అడ్డం రాలేదు. ఆ చెయ్యి మాత్రం ఎత్తకు. మనకి ముగ్గురు పిల్లలున్నారు."

"ఎత్తకపోతే మునగడం దేనికి?"

"నిన్ను బతిమాలుకుంటున్నా," అన్నాడు ప్యాంబో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని నోట ఆ మాట వినడం అదే మొదలు.

శనివారం లానిం ఏరు పల్చగానే పారుతోంది. రాళ్ళు అడ్డం పేర్చి నడుం లోతు మడుగు కట్టారు. గట్టు మీద ఆడవాళ్ళు పాడుతున్నారు. ఆ రోజు ఆమె కాక పదకొండు మంది, అందరూ పదిహేను ఇరవై ఏళ్ళ లోపువాళ్ళు. ఒక్కొక్కరే దిగి, సాక్ష్యం చెప్పి, మునిగి, నవ్వుకుంటూ నీళ్ళు కారుతూ వస్తున్నారు. కేపామే వరస చివర నిలబడింది.  ఎగువన ఆకాశం వంక చూసింది. మబ్బు లేదు. అమ్మ పోయిన రోజు కూడా మబ్బు లేదు.

ఆమె వంతు వచ్చింది. నీళ్ళు పాదాలకు తగిలాయి. చల్లగా, బతికున్నదేదో నాకినట్టు. చీలమండలు. పిక్కలు. మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది. ఇంకో అడుగు వెయ్యమని తనకు తను చెప్పుకుంటోంది, కాలు వినడం లేదు. గట్టు మీద పాట ఆగింది. ఎవరూ నవ్వలేదు. వెనక్కి తిరిగితే పరుగెత్తుతానని ఆమెకు తెలుసు, అందుకని తిరగలేదు. నీళ్ళలోంచి తిమోతి ఒక వైపు, ఒక డీకను మరో వైపు వచ్చి చెరో మోచెయ్యి పట్టుకున్నారు. నడిపించారో మోశారో ఆమెకు తెలియలేదు. నడుం దాకా వచ్చాయి నీళ్ళు.

"యేసే నీ రక్షకుడని నమ్ముతున్నావా?"

నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది.

"గట్టిగా చెప్పవే, గట్టు దాకా వినపడాలి," అంది నెంబానే. అది వెటకారం కాదు, బతిమాలుతున్న గొంతు.

"నమ్ముతున్నా," అంది కేపామే. ఆ వెంటనే ఆకాశం వెనక్కి ఒరిగిపోయింది.

చెవులు మూసుకుపోయాయి. ముక్కులోకి, కళ్ళలోకి, గొంతులోకి మట్టివాసన. అమ్మ కనపడుతుందనుకుంది, ఏళ్ళ తరబడి అదే ఆమె భయం. ఎవరూ కనపడలేదు. పైన ఒక గోధుమరంగు వెలుగూ, డప్పులా కొట్టుకునే తన గుండే. ఇక లేపరు, మరిచిపోయారు అనుకుంది. అప్పుడు లేపారు. ఆమె పాస్టరు చొక్కా గుండీలు తెంపేసి, అతని మెడ కరుచుకుని, తాగిన నీళ్ళన్నీ అతని భుజం మీదే కక్కేసింది.

మునిగి లేచాక భయం పోతుందని చాలామంది సాక్ష్యాల్లో చెప్పారు. కేపామేకు పోలేదు. గట్టు మీద తువ్వాలు కప్పి కూర్చోబెడితే పళ్ళు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. నెంబానే ఆమె వీపు రుద్దుతూ చెవిలో, "రేపు నువ్వు ఎత్తుతావా?" అని అడిగింది. కేపామే తలూపింది. నెంబానే రుద్దడం మానలేదు.

ఆదివారం మందిరం కిక్కిరిసింది. కొత్త సభ్యులకు పాస్టరు కుడిచెయ్యి కలిపి ఆహ్వానం చెప్పాడు. బల్ల మీది గుడ్డ అంచు పట్టుకున్నప్పుడు కేపామే అలవాటుగా లేవబోయింది, పక్కనున్న పిల్ల కొంగు పట్టి కూర్చోబెట్టింది. దుంప ముక్క, షరబత్తు గ్లాసు మొదటిసారి ఆమె చేతికి వచ్చాయి. ఆ వైపు వాకోలి ఖాళీ గడ్డి మధ్య ఒంటరిగా కూర్చుని తన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది.

ఆపైన కూటం. పిల్లల్ని పంపేశారు. కిటికీల బయట కోసాప్ వంశం కుర్రవాళ్ళు నిలబడ్డారు, సభ్యులు కానివాళ్ళు. వాళ్ళ కత్తుల అంచులు దడి మీద ఆనుకుని ఉన్నాయి. తిమోతి సంఘం పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. 

"వాకోలి సహోదరి పేరు తీసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి."

మగవాళ్ళ వైపునుంచి బిలబిలా లేచాయి. ఆడవాళ్ళ వైపు కొన్ని లేచాయి, భుజం దాకా లేచి ఆగినవి కొన్ని. ఇద్దరు డీకన్లు లెక్కపెట్టారు. ముప్పై ఎనిమిది.

"ఉంచాలన్నవాళ్ళు."

ఎవరూ కదల్లేదు. కిటికీ బయట ఒకడు ఉమ్మేసిన చప్పుడు వినపడింది. కేపామేకు తన కుడిచెయ్యి ఎక్కడుందో తెలియలేదు. ఒళ్ళో చూసుకుంది. అది కొంగు పట్టుకుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. ఎత్తింది. మోచేతి కింద ఎడమచెయ్యి ఆనించి నిలబెట్టింది.

కోసాప్ లేచి నిలబడి ఆమెనే చూశాడు. "నిన్న మునిగి నేడు చెయ్యెత్తావా వదినా? ఇంకా తడి ఆరలేదే."

ఆమె చెయ్యి దించలేదు.  ఆ చెయ్యి అలా ఒంటరిగా ఎంతసేపు నిలబడిందో తర్వాత ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. ఆమెకు మాత్రం ఏట్లో మునిగినదానికన్నా ఎక్కువసేపనిపించింది.

"దాన్ని చూస్తుంటే నా చెయ్యి నొప్పెడుతోంది," అని నెంబానే విసుగ్గా అని తనదీ ఎత్తింది. ఆమె వెనక ఆమె కోడలు. స్త్రీల ప్రార్థనకు వచ్చే వాళ్ళు ఒక్కొక్కరే. నిన్న మునిగిన పిల్లల్లో ఐదుగురు. మగవాళ్ళ వైపు ఒక ముసలి డీకను. పాస్టరు పుస్తకం బల్ల మీద పెట్టి తన చెయ్యీ ఎత్తాడు. కేపామే ప్యాంబో వంక చూసింది. అతను రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని నేల చూస్తున్నాడు. ఏ లెక్కలోనూ అతని చెయ్యి లేదు.

ఇరవై ఆరు. తీసెయ్యాలన్నవాళ్ళే ఎక్కువ. కానీ లేచిన చేతుల్లో మూడింట రెండొంతులు కాలేదు.

"పేరు ఉంటుంది," అన్నాడు తిమోతి.

కోసాప్ వాకిలి దాకా వెళ్ళి తిరిగాడు. "పేరుంచారు. మనిషిని కూడా ఉంచుకోండి చూద్దాం," అన్నాడు. అతని వెనకే పాతికమంది లేచి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే కేపామే, నెంబానే కలిసి వాకోలిని కేపామే ఇంటికి నడిపించుకొచ్చారు. నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజులూ ఎండ మండిపోతున్నా పిల్లల్ని వాకిట్లోకి పోనివ్వలేదు. పట్టపగలు కప్పు మీద రాళ్ళు పడేవి. దడి అవతల ఎవరో రాతి మీద కత్తి నూరుతున్న చప్పుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వినపడేది. తొంగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. వాకోలి మూల కూర్చుని, "నన్ను పంపెయ్యి తల్లీ. ముసలిదాన్ని, నా గురించి పిల్లలెందుకు," అనేది. కేపామే ఆమె ముందు తిండి పెట్టి వెంటనే వెనక్కి జరిగేది. బయటివాళ్ళ భయం ఒకటి, ముసలామె కళ్ళలోకి చూడాలన్న భయం ఒకటి. ఆ రెండోదాని గురించి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

గురువారం పొద్దున ప్యాంబో కాఫీ బస్తాలు హాగెన్ పట్నానికి వెయ్యాలని ట్రక్కు పిలిపించాడు. బస్తాలు ఎక్కించాక లోపలికి వచ్చి, "అత్తా, లే," అన్నాడు. వాకోలిని బస్తాల మధ్య పడుకోబెట్టి పైన ఇంకో రెండు వేశాడు. తను ఆ పైన కూర్చున్నాడు. ఏం చేస్తున్నాడో పెళ్ళానికి ముందు చెప్పలేదు, ఆమె అడగలేదు.

వంతెన దగ్గర ట్రక్కును ఆపారు. ప్యాంబో తిరిగొచ్చాక అది చెప్పాడు. ఇద్దరు కుర్రవాళ్ళు కర్రలతో బస్తాలు పొడిచారు. ఒక కర్ర బస్తాల సందున దిగబడిపోయింది. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. కింద నుంచి చప్పుడు రాలేదు. పట్నంలో వాకోలి కూతురి ఇంటి ముందు దించితే ముసలామె పిక్క చీరుకుపోయి నెత్తురు గడ్డకట్టి ఉంది. "నొప్పెట్టలేదా అంటే, పాట పాడుకున్నా లోపల్లోపల, అంది," అని చెప్పి ప్యాంబో చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాకోలి ఇక తాంబిలామ్‌కు రాలేదు. కూతురి దగ్గర నాలుగేళ్ళు బతికి, మంచం మీదే పోయింది. సంఘం పుస్తకంలో ఆమె పేరు అలాగే ఉంది.

ఆ శుక్రవారం ప్యాంబో కాఫీ తోటలో అరవై చెట్లు మొదళ్ళకు నరికేసి ఉన్నాయి. ఎవరు నరికారని ఎవరూ అడగలేదు. బుధవారం ప్రార్థన వాళ్ళు ఇంటికి రెండు మూడు చొప్పున నారు మొక్కలు తెచ్చి, ఎండలో గుంటలు తీసి నాటి పోయారు. నాటుతున్నంతసేపూ నెంబానే అందరినీ తిడుతూనే ఉంది, గుంట లోతు చాలలేదని.

కోసాప్ పద్నాలుగు నెలలు మందిరానికి రాలేదు. ఒక మొదటి ఆదివారం ఏ కబురూ లేకుండా వచ్చి మగవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చున్నాడు. కత్తి బయట దడికి ఆనించి వచ్చాడు. అప్పటికి సంఘం ప్యాంబోనూ కేపామేనూ ఇద్దరినీ బల్ల పంచే పనికి పెట్టింది. ఆ రోజు వెనక వరసలు కేపామేకు వచ్చాయి. దుంప ముక్కల పళ్ళెం పట్టుకుని ఒక్కో వరసా దాటుతూ వస్తుంటే, అతను కనపడగానే ఆమె అడుగు నెమ్మదించింది. పళ్ళెం వేరేవాళ్ళకిచ్చి వెనక్కి పోవచ్చు. ముసలి డీకను పక్కనే ఉన్నాడు.

ఆమె అతని ముందు ఆగింది. పళ్ళెం ముందుకు చాపింది. కోసాప్ తలెత్తలేదు. చాలాసేపటికి చెయ్యి చాచి, ఒక ముక్క తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా అరచేతిలో ఉంచుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కేపామే పక్కవాడి దగ్గరికి జరిగింది.